మఠం లాంటి పబ్బు... మూణ్ణాళ్ల ముచ్చట!

చూడ్డానికి అచ్చం పాతకాలపు క్రైస్తవ మఠం. ముఖద్వారం పైన నల్లటి అంగీ తొడుక్కున్న బొద్దు సన్యాసి విగ్రహం. లోపల రంగురంగుల పాలరాతి గోడలు, వంపు తిరిగిన కప్పు, దానికి మెరిసే మొజాయిక్ పని. ఎటు చూసినా రాగి పలకల మీద సన్యాసుల బొమ్మలే. కొందరు చేపలు పడుతున్నారు, కొందరు పాటలు పాడుతున్నారు, ఒకాయన హాయిగా కునుకు తీస్తున్నాడు. అడుగుపెట్టగానే గొంతు తగ్గించి మాట్లాడాలనిపించే ఆ చోట... చేతి పంపు లాగి గ్లాసుల్లోకి బీరు వంపుతుంటారు!

లండన్‌లో థేమ్స్ నదికి దగ్గర్లో, బ్లాక్‌ఫ్రయర్స్ రైల్వేస్టేషన్ ఎదురుగా ఉందీ పబ్బు. పేరు బ్లాక్ ఫ్రయర్. అంటే నల్ల సన్యాసి. కోసిన కేకు ముక్కలా ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటుంది. దాన్ని చూసి ‘ఏ ఐదారు వందల ఏళ్ల నాటిదో’ అనుకోని పర్యటకుడు అరుదు. తీరా ఆరా తీస్తే ఆ అలంకారమంతా 1905లో మొదలైంది. అంటే వయసు నూట ఇరవై ఏళ్లు. లండన్ లెక్కలో అదేమంత పాత భవనం కాదు. మఠం వేషం వేసుకున్న పబ్బన్నమాట!

వేషం సంగతెలా ఉన్నా అక్కడి నేలమాళిగలో జరిగే పని మాత్రం నిజంగానే పాతది. పీపాలో ప్రాణంతో ఉండే బీరును అక్కడ కంటికి రెప్పలా చూసుకుంటారు. చిత్రమేమిటంటే... ఆ పబ్బునూ, ఆ బీరునూ ‘ఇక కాలం చెల్లింది’ అని ఒకప్పుడు పక్కన పడేయబోయారు. రెండూ ఎలా బతికి బట్టకట్టాయన్నది ఆసక్తికరమైన కథ.

పబ్బంటే ఇదీ!

పబ్బు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చెవులు చిల్లులు పడే సంగీతం, తిరిగే రంగు దీపాలు, అర్ధరాత్రి డాన్సులు. పిల్లలు ‘పబ్బుకెళ్తాం’ అంటే పెద్దవాళ్ల గుండె గుభేలుమంటుంది. ఇంగ్లండ్‌లో ఆ మాటకు అర్థం వేరు. పబ్లిక్ హౌస్ అన్న మాటే కుదించుకుపోయి పబ్బయింది. అంటే పదిమందీ వచ్చి కూర్చునే ఇల్లు. మన పల్లెల్లో రచ్చబండ ఎలాగో వాళ్లకది అలాగ. పనయ్యాక ఓ గంటసేపు కూర్చుని వాతావరణం గురించీ ఫుట్‌బాల్ గురించీ రాజకీయాల గురించీ మాట్లాడుకోవడం, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వచ్చి భోంచేయడం... ఇవే అక్కడి ప్రధాన కార్యక్రమాలు.

చాలా పబ్బుల్లోకి పెద్దవాళ్ల వెంట పిల్లల్ని రానిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు మద్యం కొనడానికి మాత్రం వీల్లేదు. వేయించిన చేపా బంగాళాదుంప చిప్సూ, మాంసం కూరిన పై, టీ, కాఫీ, పళ్లరసాలు అన్నీ ఉంటాయి. మందు ముట్టనివాళ్లు నిమ్మకాయ సోడా పెట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు.

అసలు మఠం... కొసరు పబ్బు

బ్లాక్ ఫ్రయర్ పబ్బుకు ఆ వేషం ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆ ప్రాంతంలో నిజంగానే మఠం ఉండేది. డొమినికన్ శాఖకు చెందిన సన్యాసులు 1270ల్లో అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. తెల్ల దుస్తుల మీద నల్లటి అంగీ వేసుకునేవాళ్లు కాబట్టి జనం వాళ్లను నల్ల సన్యాసులన్నారు. ప్రాంతానికీ ఆ పేరే స్థిరపడింది.

ఆ మఠం చరిత్ర చిన్నదేం కాదు. ఎనిమిదో హెన్రీ తన రాణి కేథరిన్‌ను వదిలించుకోవాలని తలపెట్టినప్పుడు 1529లో విచారణ జరిగింది ఆ మఠంలోనే. విడాకులకు పోప్ ఒప్పుకోకపోవడంతో రాజు ఏకంగా రోమ్ చర్చితోనే తెగతెంపులు చేసుకున్నాడు. దేశంలోని మఠాలన్నిటినీ మూయించాడు. 1538లో నల్ల సన్యాసుల మఠానికీ తాళం పడింది. తర్వాత్తర్వాత ఆ ఆవరణలోనే నాటకశాల వెలిసింది. షేక్‌స్పియర్ 1613లో అక్కడ ఓ ఇల్లు కూడా కొనుక్కున్నాడు.

మఠం మూతపడ్డ మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, 1875 ప్రాంతంలో ఆ మూల స్థలంలో ఓ మామూలు పబ్బు కట్టారు. 1905లో హెర్బర్ట్ ఫుల్లర్ క్లార్క్ అనే ఆర్కిటెక్టు దాని రూపురేఖలు మార్చే పనికి పూనుకున్నాడు. హెన్రీ పూల్, ఫ్రెడరిక్ కాల్కాట్ అనే శిల్పులు తోడయ్యారు. మఠం పేరు మీద వెలసిన పేట కాబట్టి సన్యాసుల ఇతివృత్తాన్ని తీసుకున్నారు. అయితే జపమాలలు తిప్పే గంభీరమైన సన్యాసుల్ని చెక్కలేదు. తిండి మీదా నిద్ర మీదా ఇష్టమున్న సరదా సన్యాసుల్ని చెక్కారు. ఒక పలకలో వాళ్లంతా చేపలూ పాముచేపలూ పడుతుంటారు. దాని కింద ‘రేపు శుక్రవారం’ అన్న అర్థంలో మాటలుంటాయి. శుక్రవారం మాంసం ముట్టకూడదన్నది క్యాథలిక్కుల నియమం. అందుకని ముందురోజే చేపల కోసం హైరానా!

వెనకగదిలో గోడల మీద బుద్ధులు కూడా చెప్పారు. ‘తొందరపడితే ఆలస్యం’ అంటుందొకటి. ‘మౌనం బంగారం’ అంటుందింకొకటి. నలుగురు చేరి కబుర్లాడుకోవడానికే పుట్టిన చోట మౌనం గురించి నీతి చెప్పడం ఆ శిల్పుల చిలిపితనం.

కూల్చేద్దామనుకున్నారు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత లండన్‌లో పాత భవనాల మీద మోజు తగ్గింది. రోడ్లు వెడల్పు చేయాలి, అద్దాల మేడలు కట్టాలి అన్నదే ధ్యాస. విక్టోరియా రాణి కాలంనాటి కట్టడాలంటే అప్పటివాళ్లకు చిన్నచూపు కూడా. యూస్టన్ రైల్వేస్టేషన్ ముందున్న పెద్ద రాతి కమానును ఎంతమంది మొత్తుకున్నా వినకుండా 1961 చివర్లో పగలగొట్టడం మొదలుపెట్టారు. బ్లాక్ ఫ్రయర్ వంతూ 1960ల్లో వచ్చింది. చుట్టుపక్కల భవనాలతో పాటు దాన్నీ కూల్చాలన్నారు.

అప్పుడు అడ్డుపడ్డవాళ్లలో ముందున్నవాడు కవి జాన్ బెట్జమన్. పాత చర్చిలన్నా, రైల్వేస్టేషన్లన్నా, పబ్బులన్నా ఆయనకు ప్రాణం. యూస్టన్ కమాను కోసం పోరాడి ఓడిపోయినవాళ్లలో ఆయనా ఒకడు. ఈసారి మాత్రం గెలిచాడు. పబ్బు నిలిచింది. చుట్టూ ఉన్న పాత భవనాలు పోయి అదొక్కటే ఒంటరిగా మిగిలింది. ఇప్పుడది ప్రభుత్వ రక్షణ జాబితాలో రెండో తరగతి ప్రత్యేక కట్టడం. యజమాని తల్చుకున్నా ఆ సన్యాసుల మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. బెట్జమన్ 1972లో ఆస్థానకవి అయ్యాడు.

పీపాలో ప్రాణం

గోడల కథ అలా ఉంచితే, గ్లాసులో పోసేదాని కథ మరొకటి. బీరు అనగానే మనకు గుర్తొచ్చేది ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా. మూత తీస్తే బుస్సుమంటుంది. అలాంటి బీరును చాలావరకు ఫ్యాక్టరీలోనే వడపోసి, వేడిచేసి, అందులోని ఈస్ట్‌ను తీసేసో చంపేసో పంపిస్తారు. నెలల తరబడి నిలవుండేది అందుకే. పీపాలో వచ్చే ‘కాస్క్ ఏల్’ దారి వేరు.

సరంజామా నాలుగే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, నీళ్లు, హాప్స్ అనే తీగకు పూసే పూలు, ఈస్ట్. బార్లీ నుంచి తీసిన తియ్యటి రసాన్ని హాప్స్ వేసి మరిగిస్తారు. చేదూ సువాసనా వచ్చేది ఆ పూల నుంచే. చల్లార్చి ఈస్ట్ కలిపితే అది చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ ఈస్ట్ బతికుండగానే బీరును పీపాలోకి పోసి బిరడా బిగిస్తారు. మిగిలిన కాస్త చక్కెరను తింటూ అది లోపల పని చేసుకుంటూ పోతుంది. అప్పుడు పుట్టే వాయువే బీరుకు సన్నటి బుడగల్నిస్తుంది. జాడీకెత్తిన ఆవకాయ లోపల్లోపలే మాగుతుందే... అలాంటిదే ఇదీ.

పీపా పబ్బుకు చేరాక అసలు పని మొదలవుతుంది. దాన్ని నేలమాళిగలో అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా చెక్కముక్కలు ఆనిస్తారు. పైనున్న బిరడాలోకి మెత్తటి చెక్కతో చేసిన చిన్న మేకు దిగ్గొడతారు. దాని గుండా ఎక్కువైన వాయువు మెల్లగా బయటికి పోతుంది. బుడగల జోరు తగ్గాక దాన్ని తీసి గట్టి చెక్క మేకు పెడతారు. ఇక కొళాయి బిగించడం. పీపా ముందువైపున్న చెక్క బిళ్ల మీద కొళాయి ఆనించి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. దెబ్బ గురి తప్పితే బీరంతా కొట్టినవాడి మొహానే!

తర్వాత తేటపడేదాకా ఆగాలి. ఈస్ట్ త్వరగా అడుక్కి దిగడానికి చేపల గాలితిత్తి నుంచి తీసిన జిగురు కలపడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. మన శాకాహారులు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఆ జిగురు వాడని బీర్లూ ఇప్పుడు వస్తున్నాయి. అడిగితే చెబుతారు. మొత్తమ్మీద పీపా వచ్చిన ఒకటి రెండు రోజులకుగానీ మొదటి గ్లాసు నిండదు. ఏ పీపా ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మేకు మార్చాలి అన్నది చూసుకునే మనిషి అనుభవాన్ని బట్టే బీరు రుచి ఉంటుంది. ఒకే కంపెనీ బీరు ఒక పబ్బులో అమృతంలా, పక్క పబ్బులో నీళ్లలా ఉండటానికి కారణం అదే.

పీపాలంటే చెక్కవే అనుకుంటారు చాలామంది. ఓక్ చెక్క పీపాలు దాదాపు పోయాయి. ఇప్పుడు చాలావరకు లోహపు పీపాలే. కౌంటరు మీద వరసగా నిలబడి కనిపించే పొడవాటి పిడులు మాత్రం పాత పద్ధతివే. అవి చేతి పంపులు. జోసెఫ్ బ్రామా అనే ఇంజినీరు 1797లో ఇలాంటి పంపుకు పేటెంటు తీసుకున్నాడు. హైడ్రాలిక్ ప్రెస్సు కనిపెట్టిందీ ఆయనే. పిడిని ముందుకు లాగితే నేలమాళిగలోని బీరు పైకి వస్తుంది. మన బోరింగు పంపులాగే కరెంటూ అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు.

డెబ్బైరెండు గ్లాసుల లెక్క

ఈ బీరుకున్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక్కో గ్లాసు పంపుతున్నకొద్దీ పీపాలో ఖాళీ అయిన చోటికి గాలి చేరుతుంది. గాలి తగిలిన బీరు రుచి తగ్గుతూ వస్తుంది. తోడుకున్న పెరుగు మొదటిరోజు కమ్మగా ఉండి, ఆనక పులిసినట్టు. పీపా తెరిచిన మూడు రోజుల్లో అమ్మేయాలన్నది తెలిసినవాళ్ల మాట. మన పెద్దలు మూణ్ణాళ్ల ముచ్చట అన్నది సరిగ్గా దీనికి సరిపోతుంది!

మామూలుగా పబ్బులకు వచ్చే పీపాలో 9 గ్యాలన్ల బీరు పడుతుంది. అంటే సుమారు 41 లీటర్లు. పింటు లెక్కన చూస్తే 72 గ్లాసులు. మూడు రోజుల్లో అయిపోవాలంటే రోజుకు 24 గ్లాసులు కదలాలి. కౌంటరు మీద నాలుగు పంపులుంటే రోజుకు దాదాపు వంద గ్లాసులు. సోమవారం సాయంత్రం జోరున వాన పడినా సరే, ఆ మంది రావాలి. రాకపోతే బీరు పులుస్తుంది. పులిసిన బీరు తాగినవాడు మళ్లీ రాడు. వాడు రాకపోతే తర్వాతి పీపా ఇంకా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అలా ఒక్కో పంపూ మూలపడుతుంది. సీసా బీరైతే కొనేవాడొచ్చేదాకా ఎదురుచూస్తుంది. పీపా బీరు ఆగదు. దాన్ని బతికించేది కంపెనీ కాదు, రోజూ వచ్చే ఆ ఇరవై నాలుగు మందే.

రుచి చూడ్డానికో పద్ధతి

కొత్తగా వెళ్లినవాళ్లు ఓ బల్ల దగ్గర కూర్చుని సర్వరు కోసం ఎదురుచూస్తుంటారు. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ రారు! కౌంటరు దగ్గరికి వెళ్లి మనమే అడిగి, డబ్బిచ్చి, గ్లాసు తెచ్చుకోవాలి. వరసలో నిలబడకపోయినా ఎవరు ముందొచ్చారో కౌంటరులో ఉన్నవాళ్లకు తెలుసు. చెయ్యూపి పిలిస్తే మర్యాదగా ఉండదు. స్నేహితులు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొనడం ఆనవాయితీ. తన వంతు వచ్చేసరికి మాయమయ్యేవాణ్ని ఎక్కడైనా గుర్తుపెట్టుకుంటారు కదా... అక్కడా అంతే.

ఏ బీరు తీసుకోవాలో తెలియకపోతే ‘కాస్త రుచి చూడొచ్చా’ అని అడగొచ్చు. చాలాచోట్ల చిన్న గ్లాసులో ఓ గుక్కెడు పోసిస్తారు, ఉచితంగానే. నిండు గ్లాసు పింటు, అంటే 568 మిల్లీలీటర్లు. అందులో సగమూ మూడోవంతూ కూడా అమ్ముతారు. మూడు రకాలు చూడాలనుకునేవాళ్లు మూడు మూడోవంతు గ్లాసులు తీసుకుంటే లెక్క ఒక్క పింటే అవుతుంది. లండన్‌లో పింటు ఆరేడు పౌండ్లు పలికే ఈ రోజుల్లో ఇది పర్సుకూ మంచిదే.

రకాల విషయానికొస్తే... తేనెరంగులో, నోట్లో వేసుకోగానే కాస్త చేదు తగిలేది బిటర్. ఇంగ్లండ్ పబ్బులకు మారుపేరు లాంటిది. ముదురు రంగులో, తక్కువ మత్తుతో మెత్తగా ఉండేది మైల్డ్. నల్లగా, మాడిన బార్లీ వాసనతో కాఫీని గుర్తుచేసేది పోర్టర్. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ రేవుల్లోనూ వీధుల్లోనూ బరువులు మోసే పోర్టర్లు ఇష్టపడి తాగేవాళ్లు కాబట్టి దానికా పేరు. లేత బంగారు రంగులో ఉండే గోల్డెన్ ఏల్ వీటన్నిటికన్నా చిన్నది. సీసా బీరుకు అలవాటుపడ్డ కుర్రకారును ఆకట్టుకోవడానికి 1980ల్లో పుట్టుకొచ్చింది.

ఇంగ్లిషువాళ్లు వెచ్చటి బీరు తాగుతారని ప్రపంచమంతా ఎగతాళి చేస్తుంది. నిజానికి నేలమాళిగలో ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఫ్రిజ్ నీళ్లకూ కుండ నీళ్లకూ ఎంత తేడానో అంతే తేడా. మరీ చల్లబడితే నాలుక మొద్దుబారి రుచులు తెలియవు. గ్లాసు పుల్లగా వాసనొస్తే మొహమాటపడక్కర్లేదు. మర్యాదగా వెనక్కిస్తే చాలా పబ్బుల్లో మారు మాట్లాడకుండా మరొకటి పోస్తారు.

ఈ రకాల్లో మత్తు సాధారణంగా 3.5 నుంచి 5 శాతం. తక్కువే కదా అని లెక్క మరవకూడదు. వారానికి 14 యూనిట్లు, అంటే సుమారు ఆరు పింట్లు దాటొద్దని బ్రిటన్ వైద్యాధికారులు 2016లో హెచ్చరించారు. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట. బండి నడిపేవాళ్లు, గర్భిణులు ఆ పంపుల జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

మనకూ ఓ చుట్టరికం

పంపుల మీది బిళ్లల్లో ‘ఇండియా పేల్ ఏల్’ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. పొట్టిగా ఐపీఏ. ఇండియాలో తయారై వెళ్లిందేమో అనుకుంటాం గానీ సంగతి తలకిందులు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకూ సైనికులకూ మన ఎండల్లో ఇంటి బీరు మీద బెంగ. తూర్పు లండన్‌లోని బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబానికి బీరు ఫ్యాక్టరీ ఉండేది. కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ ఓడల మీద పీపాలు మద్రాసుకూ కలకత్తాకూ ప్రయాణం కట్టాయి. ఆఫ్రికా చుట్టి రావాలి కాబట్టి నెలల తరబడి సముద్రం మీదే. దండిగా హాప్స్ వేసిన ఆ బీరు దారిలో పాడవకపోగా ఇంకా బాగా మాగి దిగేది. 1820ల్లో బర్టన్ అనే ఊరివాళ్లు పోటీకొచ్చారు. జిప్సం ఎక్కువగా ఉన్న అక్కడి నీళ్లు ఆ రకానికి భలే కుదిరాయి. మన వాతావరణం కోసం పంపిన సరుకు చివరికి వాళ్ల సొంత ఊళ్లోనే పేరు తెచ్చుకుంది.

నలుగురు కుర్రాళ్లు... ఓ ఉద్యమం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగేయడం మొదలుపెట్టాయి. 1960ల చివరికి మార్కెట్‌లో ఎక్కువ భాగం ఆరు కంపెనీల చేతుల్లో ఉంది. వాటికి పీపా బీరంటే తలనొప్పి. నేలమాళిగలో అనుభవమున్న మనిషి కావాలి, మూడు రోజుల్లో అమ్మాలి, పాడైతే నష్టం. వడపోసి గ్యాసు నింపిన బీరైతే ఏ గొడవా లేదు. చేతి పంపులు ఒక్కొక్కటే మాయం కాసాగాయి.

1971లో నలుగురు ఇంగ్లిషు కుర్రాళ్లు ఐర్లండ్ పడమటి తీరానికి సెలవులకెళ్లారు. మంచి బీరు దొరకడం కష్టమైపోతోందని మాటల్లో మాట వచ్చింది. మనమే ఓ సంఘం పెడదామనుకున్నారు. అలా పుట్టిందే క్యామ్రా, అంటే అసలైన ఏల్ కోసం ఉద్యమం. ఏ పబ్బులో మంచి పీపా బీరు దొరుకుతుందో చెప్పే వార్షిక పుస్తకాన్ని 1974 నుంచి వేస్తున్నారు. సభ్యులే ఊరూరా తిరిగి, రుచి చూసి, పేర్లు ఎంపిక చేస్తారు. దాంతో జనం వెతుక్కుంటూ వెళ్లడం మొదలుపెట్టారు. అమ్ముడుపోతుంటే కంపెనీలూ దిగిరాక తప్పలేదు. మూలపడ్డ పంపులు మళ్లీ కౌంటర్లెక్కాయి. వందల కొద్దీ చిన్న బ్రూవరీలు పుట్టుకొచ్చాయి.

కథ అక్కడితో సుఖాంతమైపోలేదు. 2000లో బ్రిటన్‌లో సుమారు 60 వేల పబ్బులుండేవి. ఇప్పుడు 45 వేల దగ్గరికి వచ్చాయి. అద్దెలూ పన్నులూ కరెంటు ఖర్చులూ పెరిగాయి. సూపర్ మార్కెట్లో చవగ్గా కొని ఇంట్లోనే తాగేవాళ్లు ఎక్కువయ్యారు. అసలు తాగనివాళ్లూ పెరిగారు. ఆరోగ్యం కోణంలో అది మంచిదే, కాదనలేం. 2020లో కోవిడ్‌తో పబ్బులు మూతపడ్డప్పుడు మూడు రోజుల ఆయుష్షున్న పీపాల్ని పారబోయాల్సి వచ్చింది. బర్టన్‌లో తరాల నాటి పద్ధతిలో వరస పీపాల్లో బీరు పులియబెట్టే ఏర్పాటునూ ఓ పెద్ద కంపెనీ 2024లో ఆపేసింది. అందులో ఓ వరసను ఓ చిన్న బ్రూవరీ తెచ్చుకుని తిరిగి పని చేయిస్తోంది.

భవనాన్ని కాపాడటానికి చట్టం ఉంది. బ్లాక్ ఫ్రయర్ గోడల మీది సన్యాసులకు ఇక భయం లేదు. నేలమాళిగలోని పీపాను కాపాడే చట్టం మాత్రం ఎక్కడా లేదు. జనం వస్తే ఉంటుంది, రాకపోతే పోతుంది.

అందుకే అక్కడ ఓ చిన్న గుర్తును గమనించాలి. పంపు మీదున్న పేరు బిళ్ల వెనక్కి తిరిగి ఉందంటే ఆ పీపా ఖాళీ అయిందని అర్థం. ఆ బీరు రుచి చూద్దామని అంతదూరం వెళ్లినవాళ్లకు అది నిరాశే. పబ్బు నడిపేవాడికి మాత్రం అంతకన్నా మంచి వార్త ఉండదు. పులిసేలోపే అయిపోయింది మరి!